పాత గుహలు, కొత్త లెక్కలు

గ్యారీ గైగాక్స్ రాసిన పాత సాహసం 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్'ని మా గుంపుతో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేస్తూ పాత్రలు పోషించే ఆట) ఐదో ఎడిషన్‌లో ఆడిస్తున్నాను. పాత సాహసాన్ని కొత్త రూల్స్‌లోకి మార్చడం అనగానే అందరికీ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) టెన్షనే. పాత రూల్స్‌లో అది తగ్గేకొద్దీ మంచిది, 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి పెరిగేకొద్దీ మంచిది. దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. పాత రూల్స్‌లోని గాబ్లిన్ (గుహల్లో ఉండే చిన్న రాక్షసి) అంకెలు తీసేసి కొత్త రూల్స్‌లోవి పెడితే సరి.

అసలు చిక్కు ఓగర్ అనే భారీ రాక్షసుడితో. గాబ్లిన్లు ఇరుకున పడితే 'బ్రీ-యార్క్' అని అరిచి, పక్క గుహలోని ఓగర్‌కి 250 బంగారు నాణేల సంచి విసురుతాయి. వాడు సాయానికి దిగుతాడు. 2014 రూల్స్‌లో వాడికి 59 హిట్ పాయింట్లు (ప్రాణబలం), ఒక్క దెబ్బకి సగటున 13 డ్యామేజ్. మొదటి లెవెల్ విజార్డ్ (మంత్రగాడి పాత్ర) పని అయిపోయినట్టే. చాలామంది వాడి బలం తగ్గించేస్తారు. నాకది నచ్చదు. డబ్బుకి వచ్చినవాడు ఇంకాస్త ఎక్కువిస్తే ఇటు తిరగడా? అందుకే పాత బేసిక్ రూల్స్‌లోని రియాక్షన్ రోల్ (ఎదురుపడ్డవాడు ఎలా స్పందిస్తాడో తేల్చేది), మొరేల్ (పోరాటంలో నిలుస్తాడో పారిపోతాడో తేల్చేది) రెండూ అలాగే ఉంచేశాను. రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తే తేలిపోతుంది. (మా గుంపులో ఒకమ్మాయికి కత్తి దూయడం కన్నా బేరమాడటమే సరదా.)

బంగారానికి ఎక్స్‌పీ (పాత్ర లెవెల్ పెరగడానికి కావాల్సిన అనుభవ పాయింట్లు) ఇవ్వడం కూడా వదల్లేదు. పాత లెక్కలో నాణేనికో పాయింట్. కానీ అప్పట్లో ఫైటర్ రెండో లెవెల్‌కి 2000 కావాలి, ఇప్పుడు 300 చాలు. కాబట్టి ఏడు నాణేలకి ఒక పాయింట్ అన్నాను. రోగ్ (దొంగ పాత్ర) ఆడేవాడు అప్పుడే గొణుగుడు మొదలెట్టాడు.