రెండో ఆదివారం, పదిన్నరకి

మొన్న నర్సీపట్నం నుంచి ఒకబ్బాయి ఫోన్ చేసి, "అన్నా, మా ఊళ్ళో కూడా లినక్స్ యూజర్ గ్రూపు పెడదామనుకుంటున్నాం, ఎలా మొదలెట్టాలి?" అనడిగాడు. లినక్స్ అంటే విండోస్‌కి బదులు కంప్యూటర్లో ఉచితంగా పెట్టుకోగల ఆపరేటింగ్ సిస్టమ్, దాన్ని వాడేవాళ్ళు కలిసి కూర్చుని ఒకరి చిక్కులు ఒకరు విప్పుకునేదే యూజర్ గ్రూపు, కాకినాడలో మాకొకటి ఉంది. గంటసేపు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చెప్పాల్సిందాన్లో సగం చెప్పనేలేదు, చెప్పినదాంట్లో కూడా సగం నా గొప్పలే. మిగతాది ఇక్కడ రాస్తున్నా, ఆ అబ్బాయి చదువుతాడని.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి కాకినాడ వచ్చేశాను. ఉద్యోగం అక్కడిదే, కూర్చోవడం మాత్రం మా ఇంటి మేడ మీద. ఏడాది రెండేళ్ళు గడిచాక అర్థమైంది, ఈ ఊళ్ళో నాలాంటి వాళ్ళు వీధికొకరు ఉన్నారు కానీ ఒకళ్ళ మొహం ఒకళ్ళకి తెలీదు. రాత్రి పదకొండింటికి అప్‌డేట్ పెట్టాక సిస్టమ్ బూట్ అవ్వకపోతే, అంటే ఆన్ చేసినా మొదలవ్వకపోతే, అడగడానికి మనిషి లేడు. ఆఫీసులో అయితే పక్క సీటు వాణ్ణి లేపేవాణ్ణి. గ్రూపు పెట్టాలన్న ఆలోచన అలా వచ్చింది, సమాజసేవేమీ కాదు.

యూజర్ గ్రూపులు ఇప్పటివేం కావు. 1955లోనే లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఐబీఎం కంప్యూటర్లు వాడేవాళ్ళు షేర్ అనే గ్రూపు పెట్టుకున్నారు, ఒకరు రాసిన ప్రోగ్రామునే ఇంకొకరు మళ్ళీ మొదటి నుంచి రాసుకోవడం దండగ అనిపించి. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన ఇంటి కారు షెడ్డులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదటిసారి కూర్చుంది. ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన వోజ్నియాక్ తన ఆపిల్ 1 కంప్యూటర్ బోర్డు పట్టుకొచ్చి చూపించింది ఆ క్లబ్బులోనే. ఇదంతా చదివి కూడా నేను షెడ్డు వెతుక్కోలేదు. నేరుగా ఒక ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాలు అడగడానికి వెళ్ళాను.

కాలేజీ వాళ్ళు చాలా సంతోషంగా ఒప్పుకున్నారు. అంత సంతోషంగా ఎందుకు ఒప్పుకున్నారా అని అప్పుడే అనుమానం రావాల్సింది. ప్రిన్సిపాల్ గారి పేరున లెటర్, పన్నెండడుగుల ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, నాకొక శాలువా. 2023 ఆగస్టు 13, ఆదివారం. హాల్లో ఎనభై మంది! ఆనందం పట్టలేక రెండు గంటలు ఏకధాటిగా మాట్లాడాను: 1983లో స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించడం, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలెట్టడం, దాని గుండెకాయ లాంటి కెర్నల్ అంటే ఏంటి, లైసెన్సులు ఎన్ని రకాలు, అన్నీ. చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ఒకే ఒక్క చెయ్యి లేచింది.

"సార్, సర్టిఫికెట్ ఇస్తారా?"

ఆ ఎనభైలో డెబ్భై మందిని అటెండెన్స్ వేస్తామని కూర్చోబెట్టారట, తర్వాత తెలిసింది. సెప్టెంబర్‌కి మళ్ళీ హాలు అడిగితే అక్కడ ఒక సార్ చాలా మర్యాదగా, "మళ్ళీ ఎందుకండీ, ఒకసారి అయిపోయిందిగా, ఫైల్లో ఫొటోలు కూడా పెట్టేశాం" అన్నారు. ఆయన తప్పేం లేదు. వాళ్ళకి కావాల్సింది ఒక కార్యక్రమం, అది జరిగిపోయింది. నాకు కావాల్సింది నెలనెలా తెరిచే ఒక గది.

ఆ గది రామారావుపేటలో దొరికింది. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారి ట్యూషన్ సెంటరు, మేడ మీద, ఆదివారం ఖాళీ. అద్దె వద్దన్నారు. "బోర్డు తుడిచి, ఫ్యాన్లు కట్టేసి వెళ్ళండ్రా" అన్నదే షరతు. ప్రతినెలా రెండో ఆదివారం పెట్టుకున్నాం. పొద్దున్న పదిన్నరకి అని రాసేసుకున్నాం, అది మాత్రం మారలేదు.

సెప్టెంబర్ 10కి ముందురోజే చంద్రబాబు గారి అరెస్టు, బస్సులు సరిగ్గా లేవు, పదకొండు మంది వచ్చారు. అక్టోబర్ 8న చెన్నైలో ఆస్ట్రేలియాతో వరల్డ్ కప్ మ్యాచ్, ఐదుగురు వచ్చి ఒంటిగంట కాకుండానే లేచిపోయారు. ఇక నవంబర్‌లో రెండో ఆదివారం ఎప్పుడొచ్చిందో చూస్తే 12వ తారీఖు, దీపావళి. పైగా బెంగళూరులో నెదర్లాండ్స్‌తో మ్యాచ్. వాట్సాప్ గ్రూపులో అందరూ "వచ్చేవారం పెట్టుకుందాం అన్నా" అన్నారు. నేనూ సరే అని టైపు చేశాను, పంపేలోపు బీఎస్ఎన్ఎల్‌లో వీఆర్ఎస్ తీసుకున్న ఒకాయన ఫోన్ చేశారు. మా గ్రూపులో అందరికంటే పెద్దాయన. "చూడండీ, ఒకసారి మార్చారంటే ఇంక ప్రతినెలా ఈ నెల ఎప్పుడండీ అని అడుగుతారు. మీరు రాకపోయినా పర్లేదు, తాళం నాకివ్వండి, నేను కూర్చుంటాను" అన్నారు. సిగ్గేసి నేనే వెళ్ళాను.

దీపావళి పొద్దున్న ఇద్దరం కూర్చుని ఉంటే మెట్లెక్కి ఇంకొకాయన వచ్చారు. మెయిన్ రోడ్డు పక్కన డీటీపీ షాపు ఆయనది, శుభలేఖలు, కరపత్రాలు, అడపాదడపా కవిత్వం పుస్తకాలు. కింద బోర్డు చూసి వచ్చారట.

"ఏవండీ, ఇక్కడ కంప్యూటర్ డౌట్లు చెప్తారంటగా అండీ?"

"ఆయ్, చెప్పండి" అన్నారు మా పెద్దాయన.

ఆయన డౌటు ఇది. ఇరవై ఏళ్ళుగా చేసిన పనంతా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉంది. ఒక కవిగారు తన పాత పుస్తకాన్ని వాట్సాప్‌లో పెట్టుకోవాలి, కాపీ చేసి ఇవ్వమన్నారు. కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ చుక్కలూ వస్తున్నాయి. రెండొందల పేజీలు మళ్ళీ టైపు చెయ్యాలా?

తెలుగులో రాసే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే రాయే ఇది. అను లాంటి పాత ఫాంట్లలో ఫైల్లో దాగి ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు అతికించారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగులా కనిపిస్తుంది, ఫాంటు తీసేస్తే గారడీ బయటపడుతుంది. అన్ని భాషల అక్షరాలకీ తలా ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో అయితే తెలుగుకి 0C00 నుంచి 0C7F వరకు సొంత స్థలం ఉంది, ఏ ఫాంటు వేసినా క అంటే క.

అలా పాత ఫైలుని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము రాద్దామని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తీసి, ఏ ముక్కకి ఏ అక్షరమో ఆయన చెప్తుంటే నేను పట్టికలో రాస్తూ వచ్చాను. పెద్ద ముక్కలు ముందు మార్చి చిన్నవి తర్వాత మార్చాలని గంట తర్వాత తెలిసింది, లేకపోతే ఒక అక్షరంలో సగం ఇంకో అక్షరం అయిపోతుంది. మొదటి పరీక్షకి ఆయన ఇచ్చింది ప్రతి శుభలేఖ మీదా ఉండేదే: శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు. మా ప్రోగ్రాము మొదటి అక్షరం దగ్గరే బోర్లాపడింది. రవత్తుని, మా బళ్ళో క్రావడి అనేవాళ్ళం, అచ్చులో అక్షరానికి ఎడమ పక్కన వేస్తారు కాబట్టి పాత ఫైల్లో అది ముందొస్తుంది. యూనికోడ్‌లో అక్షరం ముందు, వత్తు తర్వాత. దాంతో శ్రీ కాస్తా విరిగి, శ ఒకచోట, వత్తు ఇంకోచోట. ఆ క్రమం తిరగేసే నాలుగు లైన్లు రాసేసరికి మధ్యాహ్నం రెండయింది. తెర మీద శ్రీరస్తు సరిగ్గా వచ్చినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇంటి దగ్గర లక్ష్మీపూజకి ఎదురుచూస్తున్నారని ఆయనకి నాలుగు ఫోన్లు వచ్చాయి అప్పటికే.

ఎనభై మంది ముందు మాట్లాడిన రోజు నేను నేర్చుకున్నదేం లేదు. ముగ్గురం కూర్చున్న ఆ రోజు నుంచే గ్రూపు మొదలైందని లెక్క. అప్పట్నుంచి ప్రసంగం ఇరవై నిమిషాలు దాటనివ్వం, కొన్ని నెలలు అసలు ఉండదు. మిగతా టైమంతా ఎవరి చిక్కు వాళ్ళు బల్ల మీద పెట్టడమే. ఫాంటు మార్చే ఆ కన్వర్టర్ మీదే ఐదు నెలలు కూర్చున్నాం, బీటెక్ పిల్లలకి స్ట్రింగులంటే, ప్రోగ్రాములో అక్షరాల వరసలంటే, ఏంటో ఏ క్లాసులోనూ అర్థం కానంత బాగా అర్థమైంది. పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో 1.5.3 వెర్షన్ నుంచి తెలుగు సరిగ్గా వస్తుందని చూపించాక డీటీపీ ఆయన ఒక చిన్న పుస్తకం అందులోనే చేశారు, సూరన్న ఫాంటుతో. పేజ్‌మేకర్ మాత్రం మానలేదు. మానమని మేమూ అనలేదు, పాత ఫైళ్ళ కోసం కస్టమర్లు వస్తూనే ఉంటారు కదా.

2024 జనవరిలో రెండో ఆదివారం 14న, భోగి. ఈసారి ఎవరూ మార్చమని అడగలేదు. పండక్కి హైదరాబాద్, బెంగళూరు నుంచి ఊరొచ్చిన వాళ్ళు తొమ్మిది మంది వచ్చారు, మేం ఎప్పుడూ చూడని మొహాలు, కొందరైతే కోడిపందాల నుంచి తప్పించుకోడానికే వచ్చామన్నారు. కోస్తాలో ఎవరైనా గ్రూపు పెడితే ఇది గుర్తుపెట్టుకోండి: మన ఊళ్ళ సాఫ్ట్‌వేర్ జనమంతా ఏడాదికోసారి సంక్రాంతికి దొరుకుతారు.

ఇప్పుడు నా వెధవపని ఒకటి చెప్తాను. 2024 ఫిబ్రవరి 11న ఇన్‌స్టాల్ చేసే రోజు పెట్టాం, లాప్‌టాప్ తెచ్చుకుంటే లినక్స్ పెట్టి ఇస్తామని. థర్డ్ ఇయర్ అబ్బాయిది ఒకటి నా చేతిలో ఉంది. పక్కవాడితో కబుర్లు చెప్తూ డిస్క్ మొత్తం తుడిచేసే ఆప్షన్ నొక్కేశాను. విండోస్‌తో పాటు వాడి ప్రాజెక్టు రిపోర్టు, చెల్లెలి ఫంక్షన్ ఫొటోలు అన్నీ పోయాయి. పోయిన ఫైళ్ళు వెతికే ఫొటోరెక్ పెట్టి నాలుగు గంటలు తవ్వితే ఫొటోలు చాలావరకు వచ్చాయి, పేర్లు మాత్రం పోయాయి. రిపోర్టు రాలేదు. వాడు "పర్లేదన్నా" అన్నాడు కానీ వాడి మొహం చూడలేకపోయాను. రెండు రాత్రులు వాడితో కూర్చుని రిపోర్టు మళ్ళీ టైపు చేశాను.

అప్పట్నుంచి రూలు: బ్యాకప్ హార్డ్ డిస్క్ చేతిలో ఉంటేనే లాప్‌టాప్ ముడతాం, డిస్కుని రహస్యంగా దాచే విండోస్ బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందు కాగితం మీద రాయించుకుంటాం, డిస్క్ మీద నొక్కే బటన్ ఎవరి లాప్‌టాప్ వాళ్ళే నొక్కాలి.

అమ్మాయిల సంగతి. మొదటి ఐదు నెలలు ఒక్కరూ రాలేదు, ఎందుకో మేం ఆలోచించను కూడా లేదు. హాస్టల్ వాళ్ళకి ఔటింగ్ కావాలంటే ఎక్కడికి, ఎవరి దగ్గరికి అని రాసిన లెటర్ ఉండాలట, "రామారావుపేటలో మేడ మీద గది" అంటే ఏ వార్డెన్ పంపిస్తుంది? మాస్టారి సంతకంతో లెటర్ ఇవ్వడం మొదలుపెట్టాం, ఒంటిగంటకి కచ్చితంగా ముగిస్తాం అని అందులో రాసి మరీ. ఇప్పుడు నలుగురైదుగురు వస్తారు. ఒకమ్మాయికి తోడుగా వచ్చిన వాళ్ళమ్మగారు వెనక కూర్చుని రెండు నెలలు చూసి, మూడోనెల తన ఫోన్లో నిండిపోయిన స్టోరేజీ సంగతి అడిగారు. అదీ యూజర్ గ్రూపు పనే.

డబ్బు గురించి పెద్దగా రాయను, నెలకి టీలూ సమోసాలకీ ఆరొందలు దాటదు, డబ్బా పెడితే వస్తాయి. స్పాన్సర్ వస్తామంటే వద్దన్నాం, మళ్ళీ ఫ్లెక్సీ మొదలవుతుందని. వాట్సాప్ గ్రూపులో 212 మంది ఉన్నారు, గదికి వచ్చేది సగటున పదిమంది. ఆ రెండొందల మందిని చూసి మురిసిపోవద్దు, పదిమందిని చూసి దిగులుపడొద్దు.

తాళం సంగతి మాత్రం ఆ నర్సీపట్నం అబ్బాయికి గట్టిగా చెప్పాలి. మొదట్లో తాళం నా ఒక్కడి దగ్గరే ఉండేది. 2024 జూన్‌లో ఒక పెళ్ళికి వెళ్ళి మర్చిపోయాను, ఆ ఎండలో ఆరుగురు మెట్ల మీద గంటసేపు నిలబడి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఇద్దరు మళ్ళీ రాలేదు. మర్నాడే ఇంకో రెండు తాళంచెవులు చేయించాను, ఒకటి బీఎస్ఎన్ఎల్ ఆయనకి, ఒకటి డీటీపీ ఆయనకి.

అది ఎంత మంచిదైందో 2025లో తెలిసింది. వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మన్నారు, మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాను. విండోస్ 10కి అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోతుంటే, రెండు రోజుల ముందు, 12న, పాత లాప్‌టాప్‌లకి లినక్స్‌లోనే మింట్ అనే రకం పెట్టే పని పెద్దగా పెట్టుకున్నారు మావాళ్ళు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేనూ వెళ్ళాను. నాకు పని ఇవ్వలేదు, టీలు పొయ్యమన్నారు.

పోయిన నెల వెళ్ళడం కుదరలేదు. పదిన్నరకి ఉండబట్టక బీఎస్ఎన్ఎల్ ఆయనకి ఫోన్ చేశాను. ఆరోసారి రింగయ్యాక ఎత్తారు.

"తెరిచారా అండీ?"

"ఆయ్, తెరవకపోతే ఎలాగండీ. ఇక్కడ ఒకటి బూట్ అవ్వట్లేదు, మీరు తర్వాత చెయ్యండి" అని పెట్టేశారు.