క్రియాటినిన్ 1.3 అంటే అందరికీ ఒకటే కాదు

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు, చదువు రానివాళ్లకీ తమ క్రియాటినిన్ ఎంతో నోటికొచ్చు. అయితే ఆ అంకెను ఒంటరిగా చదివితే కిడ్నీ సంగతి సగమే తెలుస్తుంది. రిపోర్టులో దాని కింద ఈజీఎఫ్ఆర్ అని ఇంకొకటి ఉంటుంది. అసలు చూడాల్సింది అది.

క్రియాటినిన్ కండరాల నుంచి రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడగట్టి మూత్రంలో పంపేస్తాయి. వడపోత తగ్గితే రక్తంలో నిలిచిపోతుంది. అంటే అది జబ్బుకు గుర్తే గాని జబ్బు కాదు. 'క్రియాటినిన్ దింపే' పొడులూ కషాయాలూ కొనే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక కండ ఎంత ఉంటే అంత క్రియాటినిన్. అందుకే వయసు, ఆడా మగా తేడా కలిపి లెక్కకట్టేదే ఈజీఎఫ్ఆర్: కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తరసాన్ని వడగడుతున్నాయో చెప్పే అంచనా. ఇప్పుడు ఎక్కువగా వాడే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంతో చూడండి. క్రియాటినిన్ 1.3 ఉంటే 25 ఏళ్ల కుర్రాడికి 78 వస్తుంది, 60 ఏళ్ల ఆవిడకు 47. ల్యాబ్ వాళ్లు ఆడా మగా అందరికీ కలిపి 'నార్మల్ 0.7–1.3' అని అచ్చువేస్తే ఆవిడ ధీమాగా ఇంటికెళ్లిపోతుంది. నిజానికి ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే. 45–59 అయితే 3ఎ దశ, 30–44 అయితే 3బి, 15–29 నాలుగు, 15 లోపు అయిదు.

అంకె పెరిగే తీరు కూడా మోసం చేస్తుంది. 40 ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ 1 నుంచి 2కి చేరితే ఈజీఎఫ్ఆర్ 98 నుంచి 42కి పడిపోతుంది. అదే 6 నుంచి 7కి వెళితే 11 నుంచి 9కి, అంతే. జనం 7 చూసి కంగారుపడతారు, 2 చూసి 'ఇంకా పర్లేదు' అనుకుంటారు. ఉండాల్సింది తిరగేసి.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. ముందురోజు రాత్రి మాంసం గట్టిగా తిన్నా, జీడితోటలో ఎండలో పని చేసి నీళ్లు సరిగా తాగకపోయినా, వాంతులు విరేచనాలైనా అంకె పైకి వస్తుంది. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర కిడ్నీకి ఏమీ కాకుండానే దాన్ని కొంత పెంచగలదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందుల కథ వేరు, అవి కిడ్నీనే దెబ్బతీస్తాయి. ఒళ్లునొప్పులని ఊళ్లో సూది వేయించుకునే అలవాటు అందుకే ప్రమాదం. మళ్లీ చేయించేటప్పుడు అదే ల్యాబుకు వెళ్లండి, ముందురోజు నీచు మానండి, నీళ్లు మామూలుగా తాగండి. కండ బాగా తరిగిపోయిన ముసలివాళ్లలో మాత్రం ఈజీఎఫ్ఆర్ ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. అలాంటప్పుడు కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష సాయపడుతుంది.

మూత్రంలో ప్రొటీన్ లేదు కదా అని కూడా ఊరుకోలేం. ఉద్దానంలో కారణం తేలని ఈ జబ్బు ఎక్కువగా కిడ్నీలోని సన్న గొట్టాల చుట్టూ మొదలవుతుంది. కాబట్టి ప్రొటీన్ పెద్దగా పోకపోవచ్చు, మొదట్లో బీపీ, షుగరూ లేకపోవచ్చు. ఇక్కడ రక్తపరీక్షే దారి. 2023 డిసెంబరులో పలాసలో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికైనా, మరెక్కడికైనా పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పట్టుకెళ్లండి. ఎంత వేగంగా పడిపోతోందన్నది వాటిలోనే ఉంటుంది.

ఈజీఎఫ్ఆర్ 30 కిందికి వస్తే షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఆపాలి, మిగతా మందుల మోతాదులు డాక్టరు చేత సరిచూపించుకోవాలి. మీరు కుడిచేతి వాటమైతే ఎడమచేతి నరాల్లో సెలైను సూదులు గుచ్చనివ్వకండి. రేపు డయాలసిస్‌కు ఫిస్టులా (చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే దారి) పెట్టాల్సి వస్తే ఆ చెయ్యే కావాలి, అది పనికొచ్చేలా ముదరడానికే ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది.