కారు లెక్క చూపించబోతే ఇంటి లెక్క బయటపడింది

మొన్న శనివారం విజయవాడ ఆటోనగర్‌లో నా పరువు పోయింది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నా.

నాది 2015 నాటి పెట్రోలు కారు, 94 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే చాలు, ముందు వైపు నుంచి కీచుమని ఒకటే అరుపు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బానెట్ కూడా ఎత్తకుండా "ఇంజన్ లోపలి టైమింగ్ బెల్ట్ అయ్యుంటుంది సార్" అని ఒళ్ళు జలదరించే ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. మా బామ్మర్దేమో "అంత ఎందుకు బావా, ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రి ఉన్నాడు, వెళ్ళు" అన్నాడు. ఫోన్ చేస్తే ఆ మేస్త్రి అడిగింది ఒక్కటే. "బెల్ట్ ఇదివరకు మార్చారా? మారిస్తే ఉత్త బెల్టేనా, దాన్ని బిగించి ఉంచే టెన్షనరూ వాటర్ పంపూ కూడా మార్చారా? ఆ కాయితం ఉంటే పంపండి సార్."

కాయితమా! కొంచెం గొప్ప చెప్పుకుంటా, ఏమనుకోకండి. కారు కొన్న రోజు నుంచీ ప్రతి ఖర్చూ గూగుల్ షీట్‌లో ఎక్కిస్తున్నవాణ్ణి. తేదీ, మీటర్ రీడింగ్, ఏం మార్చారు, ఎంతయింది. గాలి కొట్టించిన పది రూపాయలు కూడా వదల్లేదు. మా ఆవిడ దానికి "మీ కారు జాతకం" అని పేరు పెట్టింది.

కంపెనీ యాప్‌లో కూడా హిస్టరీ ఉంటుంది కదా, అదీ పంపుదామనుకున్నా. ఓటీపీ నా పాత నంబర్‌కి పోతోంది. నంబర్ మార్చాలంటే ఆర్సీ, ఆధార్, సంతకం పెట్టిన లెటర్ కావాలట. ఆర్సీ డిజిలాకర్‌లో అర నిమిషంలో దొరికింది. లెటర్ కోసం రెండుసార్లు తిరిగా. తీరా యాప్ తెరుచుకుంటే ప్రతి సర్వీసుకీ ఒకే ఒక్క లైను: సర్వీస్ పూర్తయింది, ఇంత కట్టారు. ఏం మార్చారో ఎక్కడా లేదు. ఆ యాప్‌ల మీద ఆశ పెట్టుకోకండి. బిల్లు చేతికి రాగానే ఫొటో తీసుకోండి. కొన్ని బిల్లులు ఏడాది తిరక్కుండానే తెల్లకాయితాలైపోతాయి, నా బ్యాటరీ బిల్లు అలాగే పోయింది.

సరే, మేస్త్రికి షీట్ లింక్ పంపా. "ఏదో పర్మిషన్ అడుగుతోంది సార్" అని ఫోన్. లింక్ ఉన్నవాళ్ళెవరైనా తెరిచేలా పెట్టా. తొందరలో చూసే హక్కుతో పాటు మార్చే హక్కు కూడా ఇచ్చేశా.

శనివారం షెడ్డుకెళ్ళేసరికి నాలాంటి వాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. మేస్త్రి కళ్ళజోడు తేలేదట. చేతి గ్రీజు పీచుతో తుడుచుకుంటున్న కుర్రాడికి ఫోనిచ్చి "సార్‌గారి లెక్క చదవరా" అన్నాడు. వాడు మొదటి లైను నుంచి అందుకున్నాడు. "గాలి, పది రూపాయలు. వైపర్ నీళ్ళు, ఇంట్లోవే, సున్నా." పక్కనున్నాయన టీ తాగుతూ పొలమారాడు. అక్కడికీ నవ్వుతూనే ఉన్నా. వాడు కిందికి తోస్తుంటే వేలు పక్క ట్యాబ్ మీద పడింది. అదే ఫైల్లో ఇంటి ఖర్చుల ట్యాబ్ ఉందన్న సంగతి నేనే మర్చిపోయా. ఒక ట్యాబ్ కోసం లింక్ ఇస్తే ఫైలంతా వెళ్తుందని అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. వాడు అదే గొంతుతో, అదే స్పీడుతో చదువుకుంటూ పోయాడు.

"చిట్టీ, పన్నెండు వేలు. పాలు, రెండు వేల నూట నలభై. బామ్మర్దికి చేబదులు, నలభై వేలు, రావు. మళ్ళీ అడగొద్దు, తను ఏడుస్తుంది."

షెడ్డులో సుత్తి చప్పుడు కూడా ఆగిపోయింది. మేస్త్రి గ్లాసు కింద పెట్టి మెల్లగా అడిగాడు. "బామ్మర్ది అంటే... మనోడేనా సార్?"

ఏం చెప్పను? ఫోన్ లాక్కున్నా. ఆ గుంజులాటలో ఏదో గడి చెరిగిపోయి దాన్నిండా "క్క్క్క్" అని పడింది. దాన్ని రాత్రి వెర్షన్ హిస్టరీలోకెళ్ళి వెనక్కి తెచ్చుకున్నా. పరువుకి ఆ సదుపాయం లేదు.

"ఇదంతా నాకెందుకు సార్, బెల్ట్ మార్చిన బిల్లొక్కటి చూపించండి" అన్నాడు మేస్త్రి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అక్షరాలు అలుక్కుపోయాయి. డాక్యుమెంట్‌గా పంపితే స్పష్టంగా వచ్చింది. 2021, 61,300 కిలోమీటర్లు. గ్రీజు వేళ్ళతో పెద్దది చేసి నాకే చదివించాడు: బెల్ట్, టెన్షనర్, బెల్ట్ తిరిగే దారిలో ఉండే ఐడ్లర్ చక్రం, వాటర్ పంప్, నాలుగూ ఉన్నాయి. "దీనికింకా టైముంది. అరిచేది ఇది కాదు" అని ఇంజన్ ఆన్ చేయించి, బయటి ఫ్యాన్ బెల్ట్ మీద నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించాడు. అరుపు టక్కున ఆగి కాసేపటికి మళ్ళీ మొదలైంది. బెల్ట్ విప్పి తిరగేస్తే లోపలంతా బీటలు. కూలితో కలిపి 1,650 రూపాయలు. ఎస్టిమేట్ ఇచ్చిన మహానుభావుడు గుర్తొచ్చి కడుపు మండిపోయింది.

అంతటితో పోలేదు. పనిలో పనిగా బ్రేక్ ఆయిల్ మూత తీశాడు. డికాషన్‌లా నల్లగా ఉంది. "ఏడు నెలల క్రితమే మార్చారండీ, షీట్‌లో ఉంది, బిల్లు కూడా ఉంది" అన్నా. "బిల్లు మారింది సార్, ఆయిల్ మారలేదు" అన్నాడు. ఆ ఆయిల్ తేమ పీలుస్తుంది, రెండేళ్ళకోసారి మార్చి తీరాలట. అక్కడే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ తెప్పించి మార్పించా. పదేళ్ళుగా అంత భద్రంగా దాచుకున్న జాతకంలో సర్వీస్ సెంటర్ అబద్ధాలు ఇంకెన్నున్నాయో.

మీరు పంపాల్సొస్తే లింక్ జోలికి పోకండి. టైమింగ్ బెల్ట్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, గేర్ ఆయిల్, బ్యాటరీ చివరిసారి ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో ఒక్క పేజీ పీడీఎఫ్ చేసి, బిల్లు ఫొటోలు డాక్యుమెంట్‌గా జతచేయండి. ఆ పేజీ కూడా మీరే చదివి వినిపించండి. పనయ్యాక ఏం మార్చారో మేస్త్రితో వాయిస్ మెసేజ్ పెట్టించుకోండి. టైప్ చేయమంటే చేయరు, చెప్పమంటే వివరంగా చెబుతారు.

నిన్న రాత్రి మా బామ్మర్ది నుంచి ఫోన్‌పేలో ఐదు వేలు వచ్చాయి. కింద మెసేజ్: "మిగతావి వస్తాయి బావా. షీట్‌లో ఆ 'రావు' తీసెయ్."