ఏ గడిలోనూ ఇమడని ప్రయాణం: యూరో వాలంటీర్‌గా నా వీసా అనుభవం

నిన్న సాయంత్రం పాస్‌పోర్టు చేతికి వచ్చింది. లోపల వీసా ఉంది. సంతోషమే, కానీ కోపం ఇంకా చల్లారలేదు. చల్లారేలోపే రాసేస్తున్నాను.

జర్మనీలో 2024 జూన్ 14న మొదలయ్యే, ఐరోపా దేశాల జట్లు ఆడే యూరో 2024 ఫుట్‌బాల్ పోటీలకు దాదాపు 16,000 మంది వాలంటీర్లు పనిచేస్తారు. పది నగరాలు, 51 మ్యాచ్‌లు. దరఖాస్తు, ముఖాముఖి, ఎంపిక ఉత్తరం అన్నీ సాఫీగా జరిగిపోయాయి. నాకు లైప్‌జిగ్ వచ్చింది, ప్రేక్షకులకు దారి చూపే పని. జీతం ఉండదు, విమాన టికెట్టూ బసా మన ఖర్చే. అది తెలిసే ఒప్పుకున్నాను. బస విషయంలో మాత్రం ఒక మాట: డిసెంబరులో డ్రా తీసి ఏ జట్టు ఎక్కడ ఆడుతుందో తేలకముందే, రద్దు చేసుకునే వీలున్న గది పట్టేశాను. నేను చేసిన తెలివైన పని అదొక్కటే కాదు గానీ, అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చింది అదే.

అసలు కథ వీసా దరఖాస్తుల కేంద్రంలో జరిగింది.

జర్మనీతో పాటు ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా ఫారంలో ప్రయాణ ఉద్దేశం ఏమిటని ఒక ప్రశ్న ఉంటుంది. దాని పక్కన గడులు: పర్యాటకం, వ్యాపారం, బంధుమిత్రులను చూడటం, సాంస్కృతికం, క్రీడలు, చదువు, వైద్యం, ఇలా వరుసగా వెళ్లి చివర ‘ఇతర’ ఉంటుంది. వెళ్తున్నది క్రీడల పోటీకే కదా అని నేను ‘క్రీడలు’ దగ్గర టిక్కు పెట్టాను.

కౌంటర్‌లోని ఆయన ఫారం చూసి, “మీరు ఏ ఆట ఆడతారు?” అన్నారు. ఆడను, వాలంటీర్‌గా వెళ్తున్నానన్నాను. “అయితే క్రీడాసంఘం ఉత్తరం ఏది?” నిర్వాహకుల ఉత్తరం చూపించాను. ఆయన మొదటి పేజీ తిప్పారు, రెండో పేజీ తిప్పారు, నా పేరున్న వరుస మీద పెన్ను మూతతో రెండుసార్లు తట్టారు. “ఇందులో షిఫ్టులు, వేళలు ఉన్నాయి. అంటే ఇది ఉద్యోగం. ఉద్యోగానికి ఈ వీసా ఇవ్వరు” అన్నారు. జీతం లేదని రాసి ఉన్న వాక్యాన్ని వేలు పెట్టి చూపించాను. అప్పుడాయన గొంతు పెంచారు: “జీతం లేకుండా, సొంత డబ్బు పెట్టుకుని, ఇంకొక దేశం పోయి ఎవరైనా పనిచేస్తారా? నిజం చెప్పండి, అక్కడే ఉండిపోదామనా?”

వెనక వరుసలో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. పక్క కౌంటర్‌లో వేలిముద్రలు ఇస్తున్న పెద్దాయన కూడా తల తిప్పారు. ముఖం వేడెక్కిపోయింది. చెప్పడానికి నా దగ్గర బోలెడు ఉంది, కానీ దొంగను నిలదీసినట్టు నిలదీస్తే నోట మాట రాలేదు. ఫైలు సర్దుకుని బయటికి వచ్చేశాను.

ఆ మనిషికి అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు చెబుతున్నాను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 70,000 మంది వాలంటీర్లు పనిచేశారు. దారి చూపేవాళ్లు, తప్పిపోయిన పిల్లను తల్లికి అప్పగించేవాళ్లు, చక్రాల కుర్చీని ర్యాంపు ఎక్కించేవాళ్లు లేకపోతే ఏ పెద్ద పోటీ అయినా మొదటి రోజే కుప్పకూలుతుంది. డబ్బు తీసుకోకుండా ఒక మనిషి పనిచేస్తున్నాడంటే అనుమానించడం అలవాటైపోయిన చోట, ఆ అలవాటుకు సిగ్గుపడవలసింది నేను కాదు.

ఐదు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి ‘ఇతర’ గడిలో టిక్కు పెట్టి, పక్కన “యూరో 2024లో జీతం లేని వాలంటీర్ సేవ, లైప్‌జిగ్” అని రాశాను. ఒక్క పేజీ ఉత్తరం జత చేశాను. ఎవరు పిలిచారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఖర్చు ఎవరిది, తిరిగి వచ్చి ఏ రోజు ఉద్యోగంలో చేరతాను, ఇవే అందులో ఉన్నాయి. నిర్వాహకుల ఉత్తరంలో జీతం లేదన్న వాక్యం కింద గీత గీశాను. వేరే కౌంటర్‌లో ఒకామె ఆ గీత దగ్గర ఒక్క క్షణం ఆగి చదివి, “మంచిదండీ” అని వేలిముద్రల యంత్రం వైపు చూపించారు. అంతే, పది నిమిషాల పని.

మిగిలినవి నియమాలు చదివితే తెలిసేవే. ప్రయాణ వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. నేను 80 యూరోలు కట్టాను, 2024 జూన్ 11 నుంచి రుసుము 90. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. నాలాగా వెనక్కి పంపితే మళ్లీ వెళ్లడానికి వ్యవధి ఉండాలి.

లైప్‌జిగ్‌లో నాలుగు మ్యాచ్‌లు. అక్కడి స్టేడియాన్ని పాత స్టేడియం మట్టిగట్టు లోపలే కట్టారు, ఆ గట్టు దాటుకుని లోపలికి వెళ్లాలి. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేది అక్కడేనని నా లెక్క. మ్యాపు ముందు పెట్టుకుని ప్రవేశ ద్వారాలన్నీ బట్టీ పట్టాను. “ఎడమవైపు”, “కుడివైపు”, “నేరుగా వెళ్లండి” జర్మన్‌లో తడుముకోకుండా వస్తున్నాయి. జూన్ 18న పోర్చుగల్, చెక్ జట్ల మ్యాచ్ మొదటిది. కొత్త బూట్లు గట్టిగా ఉన్నాయి, రోజూ గంటసేపు వేసుకుని నడుస్తున్నాను.