గీజర్ వేస్తే బ్రేకర్ పడిపోతోంది: మా పడవ కరెంటు కథ

డాలస్‌కి ఉత్తరాన లేక్ లూయిస్‌విల్‌లో మాకో చిన్న పడవ ఉంది. 26 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. లోపల చిన్న క్యాబిన్, ఫ్రిజ్, బ్యాటరీ చార్జర్, గీజర్ ఉన్నాయి. పడవలు కట్టేసే డాక్ మీదున్న కరెంటు పెట్టె నుంచి లావుపాటి పసుపు కేబుల్ లాగి తగిలిస్తే అన్నీ పనిచేస్తాయి. ఏడాదిపాటు పాత డాక్‌లో అలాగే వాడుకున్నాం. పోయిన వసంతంలో మా చోటు కొత్త డాక్‌కి మారింది. గొడవ అక్కడే మొదలైంది. గీజర్ స్విచ్ వెయ్యగానే డాక్ మీద బ్రేకర్ టప్పున పడిపోతోంది.

మూడుసార్లు ఎత్తాను, మూడుసార్లూ పడింది. ఫ్రిజ్ వేస్తే ఏమీ కాదు. పడవ అమ్మినాయనకి ఫోన్ చేస్తే, తన దగ్గర ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదన్నాడు. పక్క పడవాయన పాత డాక్ వైపు సాకెట్ ఖాళీగా ఉంది, పొడుగు కేబుల్ వేసుకోమన్నాడు. ఆ కేబుల్ ధర కూడా చూశాను. కానీ మా ఊళ్ళో పొలం మోటార్లు బాగుచేసే మా మామయ్య మాట మనసులో మెదిలింది. "ఫ్యూజు ఊరికే పోదురా అబ్బాయ్" అనేవాడు.

ఇళ్ళ వైరింగ్ చేసేవాళ్ళని కాకుండా, పడవల కరెంటు పనికి ఏబీవైసీ (అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే సంస్థ) సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. ఆయన ముందు డాక్ బ్రేకర్ కట్టేసి, కేబుల్ రెండు వైపులా ఊడదీసి, పడవకున్న సాకెట్‌లోకి టార్చి వేసి నన్ను చూడమన్నాడు. మూడు పిన్నుల్లో రెండు మెరుస్తున్నాయి. మూడోది, ఎర్తు పిన్ను, చుట్టూ పచ్చటి చిలుం పట్టి వెనక వైరు దగ్గర పొడిపొడిగా రాలుతోంది. మల్టీమీటర్ ఒక కొస ఆ పిన్నుకి, రెండో కొస ఇంజన్‌కి పెట్టాడు. కరెంటు దారిలో అడ్డు ఒక ఓమ్ లోపు చూపించాల్సింది 40 దాటి అటూ ఇటూ ఊగుతోంది. తర్వాత గీజర్ వైర్లు విప్పి, కరెంటు లీకు పట్టే మెగ్గర్ అనే మీటరు పెట్టాడు. ఎలిమెంటు చిట్లి లోపలికి నీళ్ళు పోయాయి, ఫేజు నుంచి గీజర్ ఒంటికి కరెంటు కారుతోంది.

అప్పుడు విడమర్చి చెప్పాడు. ఎర్తు బాగుంటే ఆ కారే కరెంటు పచ్చ వైరు పట్టుకుని ఒడ్డుకి పోతుంది. ఎర్తు పోయింది కాబట్టి గీజర్ నుంచి ఇంజన్‌కి, ఇంజన్ కింది లోహం నుంచి చెరువు నీళ్ళలోకి దారి చూసుకుంటోంది. పాత డాక్ బ్రేకర్‌కి 30 ఆంపులు దాటితేనే తెలుస్తుంది, ఇంత చిన్న లీకు దానికి లెక్కలోకి రాదు. కొత్త డాక్‌లోది అలా కాదు. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిచూసుకుంటుంది, మిల్లీ ఆంపుల్లో, అంటే ఆంపులో వెయ్యో వంతుల్లో తేడా వచ్చినా పడిపోతుంది.

మనిషికి పది, పదిహేను మిల్లీ ఆంపుల దగ్గరే కండరాలు బిగుసుకుపోతాయి. నీళ్ళలో ఉంటే ఈదలేక మునిగిపోతాడు. బయటికి చూసేవాళ్ళకి అది మామూలు మునకలాగే కనిపిస్తుంది. సముద్రం కన్నా మంచినీటి చెరువుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే మన ఒంట్లో ఉప్పుంది, ఆ నీళ్ళ కన్నా మన ఒళ్ళే కరెంటుకి సులువైన దారి. ఆయన చెబుతుంటే నా కాళ్ళు వణికాయి. పాత డాక్‌లో ఉన్నప్పుడు జూలైలో మా తొమ్మిదేళ్ళ వాడు డాక్ అంచున నిలబడి "నాన్నా, దూకనా?" అని ఎన్నిసార్లు అడిగాడో. ఒక్కసారి సరే అన్నాను కూడా. మెట్ల దగ్గర, మా పడవ పక్కనే దూకాడు. ఆరోజు గీజర్ వేసి ఉందో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

సాకెట్ కొత్తది వేశాం, ఎలిమెంటు మార్చాం. పడవలో మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపులకే కట్టయ్యే బ్రేకర్ పెట్టించాం. డాక్ ఏదైనా సరే, కాపలా మా పడవలోనే ఉంటుంది.

ఇప్పుడు నేను తగిలించే పద్ధతి ఇది. డాక్ బ్రేకర్, పడవ మెయిన్ రెండూ ఆపేస్తాను. పిన్నుల మీద నల్లమచ్చ, చిలుం ఉన్నాయేమో చూస్తాను, ఉంటే ఆ రోజు కరెంటు లేనట్టే. ముందు పడవ వైపు పెట్టి, తిప్పి, రింగు బిగిస్తాను. ఆ తర్వాతే డాక్ వైపు. అలాగైతే చేతిలో ఉన్న కేబుల్లో ఎప్పుడూ కరెంటు ఉండదు. తీసేటప్పుడు ముందు డాక్ వైపు. కేబుల్ నీళ్ళలోకి జారకుండా కడతాను. డాక్ బ్రేకర్ వేశాక ఫేజూ న్యూట్రలూ తారుమారైతే వెలిగే ఎర్రలైటు చూసి, అది వెలగకపోతేనే మెయిన్ ఎత్తుతాను. తర్వాత ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోతాను. 120 వోల్టుల మీద 30 ఆంపులంటే 3,600 వాట్లు, కానీ గంటల తరబడి 24 ఆంపులు దాటనివ్వను. ఇంట్లో వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు పడవ మీదికే రానివ్వను.

డాక్ దగ్గర ఈత మాత్రం పూర్తిగా మానేశాం, అన్నీ బాగుచేయించాక కూడా. మన పడవ బాగున్నా పక్క పడవ సంగతి మనకేం తెలుసు? నీళ్ళలో ఎవరైనా గిలగిలలాడితే దూకకూడదని, ముందు డాక్ కరెంటు కట్టేసి, నీళ్ళ మీద తేలే ట్యూబు విసరాలని మావాడికి నేర్పించాను. ఆ స్విచ్ ఎక్కడుందో వాడిచేతే చూపించుకున్నాను.

పాత డాక్‌లో ఇంకా పడవలు కట్టే ఉన్నాయి, కొన్నిటికి గీజర్లున్నాయి. మా పాత పొరుగాయన తన పడవ కూడా చూడమన్నాడు. శనివారం పొద్దున్నే మల్టీమీటర్ తీసుకుని వెళ్తున్నాను. ఎర్తు వరకు నేను చూస్తాను, మిగతాది చూడటానికి ఎలక్ట్రీషియన్ పదింటికి వస్తానన్నాడు.