స్తంభం ఎక్కడం నేర్పింది కల్లుగీసే తాత

మాది అల్లూరు దగ్గర ఒక పల్లె. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్ళు చదివాను. సిరీస్ బోర్డు కట్టాను, మోటారు వైండింగు విప్పి మళ్ళీ చుట్టాను, స్టార్-డెల్టా స్టార్టరుకి కళ్ళు మూసుకుని కనెక్షన్ ఇచ్చేవాణ్ణి. కరెంటు స్తంభం మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకి ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులు, అంటే జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2, పడ్డాక గుండెలో రాయి పడింది. ఎంపిక పరీక్షలో స్తంభం ఎక్కాలి, సైకిల్ తొక్కాలి, మీటరు రీడింగు చూసి చెప్పాలి.

ఊరి చివర పొలాల్లో కొత్తగా పాతిన స్తంభం ఒకటుంది. తీగలు ఇంకా లాగలేదని రెండుసార్లు చూసుకుని మొదలుపెట్టాను. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభం కింద వెడల్పుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అంటే కష్టమంతా మొదట్లోనే. వెడల్పు దగ్గర చేతికి పట్టు దొరకదు. మొదటిరోజు నా ఎత్తు కూడా ఎక్కకుండానే జర్రున జారాను. రొమ్ము మీద, మోచేతుల లోపల చర్మం లేచిపోయింది. ఆ రాత్రి స్నానం చేస్తుంటే నీళ్ళు కాదు, కారం పోసుకున్నట్టుంది.

నాలుగోరోజు, కల్లుగీసే తాత ఒకాయన గట్టు మీద నిలబడి నా అవస్థ చూస్తున్నాడు.

"ఏందబ్బయ్యా, దాన్ని వాటేసుకుంటుండావు? పెళ్ళామా అది?"

"జారిపోతాండా తాతా. నీకైతే మోకు ఉంటది, నాకేముంది?"

"చేతుల్తో ఎక్కాలని చూస్తుండావు. చేతులు ఊరికే పట్టుకోడానికిరా, లేపేది కాళ్ళు. నడుం వెనక్కి పెట్టు. కిందకి చూడబాక."

నడుం వెనక్కి వాలిస్తే పడిపోతామనిపిస్తుంది. కానీ అలా వాలితేనే అరికాళ్ళు స్తంభానికి గట్టిగా అదుముకుంటాయి. ఆ సంగతి ఒంటికెక్కడానికి వారం పట్టింది. ఆ తర్వాత కోతిలా కాదుగానీ, పైదాకా పోగలిగాను.

పరీక్షరోజు స్తంభం దగ్గర కంటే సైకిల్ దగ్గరే నవ్వులు ఎక్కువ. అందరం బైకులకి అలవాటుపడ్డవాళ్ళం. నేను చెల్లెలి స్కూలు సైకిల్ మీద ప్రాక్టీసు చేసుకుని వెళ్ళాను కాబట్టి గట్టెక్కాను. స్తంభం కూడా అయిపోయింది. ఇక మీటరేగదా అని ధీమాగా నిలబడితే, అక్కడ పోయినంత పనైంది. డిజిటల్ మీటరులో తేదీ, టైము, యూనిట్లు, మాగ్జిమం డిమాండ్ (అంటే అన్నిటికన్నా ఎక్కువగా పడిన లోడు) ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. టెన్షన్‌లో డిమాండ్ అంకెని యూనిట్లు అనుకుని నోరు తెరిచాను. పాయింటు తర్వాత అంకెలు చూసి అనుమానమొచ్చి ఆగాను. ఇంకో చుట్టు తిరిగి యూనిట్లు వచ్చాక చెప్పాను.

పోస్టు వచ్చింది. మొదటి పని, గాలికి తెగిన తీగ కట్టడం. సీనియర్ అన్న, తీగలోకి కరెంటొస్తే నేలలోకి పంపే ఎర్తింగ్ రాడ్లు చేతిలో పెట్టి, పనిచేసే చోటికి రెండు పక్కలా తగిలించమన్నాడు.

"ఎల్‌సీ, లైన్ క్లియర్, ఇచ్చారు గదన్నా," అన్నాను. లైన్ ఆపేశామని సబ్‌స్టేషన్ వాళ్ళు అప్పుడే చెప్పారు మరి.

"ఇచ్చార్లే. ముందు ఎర్త్ వైపు బిగించు, తర్వాతే తీగకి తగిలించు."

"లైన్లో కరెంటే లేకపోతే ఇదెందుకన్నా?"

ఆయన జవాబు చెప్పలేదు. రొయ్యల గుంటల వైపు చెయ్యి చూపించాడు. కరెంటు పోయిందని, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లకి ఒక్కొక్కరే డీజిల్ జనరేటర్లు స్టార్ట్ చేస్తున్నారు. వాటిలో ఏ ఒక్కటి, జనరేటరుని లైన్ నుంచి విడదీసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా కలిపి ఉన్నా, కరెంటు ఎదురు తిరిగి మేము పట్టుకోబోయే తీగలోకే వస్తుంది.

నేను రాడ్డు తీసుకుని ఎర్త్ వైపు బిగించడం మొదలుపెట్టాను.