నీ పేరేమి? యబ్బోకు రేవు దగ్గర యాకోబు

యాకోబు అంటే మోసగాడు. మన ప్రసంగాల్లో ఈ మాట ఇట్టే దొర్లిపోతుంది. ఆ అర్థం చెప్పింది ఎవరో మాత్రం ఆగి చూసేవాళ్లు తక్కువ. ఆదికాండము 27:36 తెరవండి. తమ్ముడు యాకోబు చేతిలో తండ్రి దీవెన పోగొట్టుకుని, గుండె మండి ఏడుస్తున్న ఏశావు నోటి మాట అది. అతని బాధ నిజమే, అన్యాయం జరిగిన మాటా నిజమే. అయినా పేరు పెట్టిన రోజున ఆ అర్థం లేదు. 25:26లో ఉన్నది ఇంతే: తమ్ముడు బయటికి వచ్చినప్పుడు వాడి చెయ్యి అన్న మడిమెను పట్టుకుని ఉంది, అందుకని యాకోబు. హెబ్రీలో మడమను ఆకేబ్ అంటారు. ఆ పదంలోంచే వెనకనుంచి పట్టి పడగొట్టడం అనే క్రియ పుట్టింది. కాళ్లు పట్టి లాగడం అని మనమూ అంటాం కదా, సరిగ్గా అదే. ఏశావు మడమనే తిప్పి తిట్టుగా వాడాడు.

ఆ 27:36లోనే ఇంకో మాటల పొత్తు ఉంది. తెలుగులోకి వచ్చేసరికి అది కనబడకుండా పోయింది. జ్యేష్ఠత్వం హెబ్రీలో బెఖోరా, దీవెన బెరాఖా. మధ్యలో రెండు అక్షరాలు చోటు మారాయి, అంతే. "నా బెఖోరా తీసుకున్నాడు, ఇప్పుడు నా బెరాఖా తీసుకున్నాడు" అని ఏశావు ఏడ్చినప్పుడు ఆ రెండూ ఒకే దెబ్బలా వినిపిస్తాయి.

ఈ పేరుకు ఇంకో పక్క కూడా ఉంది. ఆ కాలపు సెమిటిక్ (హెబ్రీకి చుట్టమైన భాషల) పేర్లలో ఇదే ధాతువు దేవుని పేరుతో కలిసి వస్తుంది, "దేవుడు కాపాడుగాక" అన్న అర్థంతో. పశ్చిమాసియా నుంచి వచ్చి ఈజిప్టును ఏలిన హిక్సోసుల నాటి ఈజిప్టు ముద్రికల మీద యాకుబ్‌-హర్ అనే పాలకుడి పేరు చెక్కి ఉంది. పొత్తిళ్లలో బిడ్డకు మోసగాడని ఏ తల్లీ తండ్రీ పేరు పెట్టరు. విన్నవాళ్ల చెవికి అది కాపాడమనే ప్రార్థనగా వినబడే పేరు. దాన్ని తిట్టుగా మార్చింది యాకోబు చేసిన పని.

ఇక 32వ అధ్యాయం. చదివేటప్పుడు 22 నుంచి 32 వరకు ఒకే ఊపులో చదవాలి. (హెబ్రీ ప్రతిలో ఇవే 23 నుంచి 33. యూదుల వ్యాఖ్యానాలతో పోల్చి చూసేవారు ఒక అంకె జరిపి చూసుకోవాలి.) యాకోబు ఇంటికి తిరిగి వస్తుంటే, ఏశావు నాలుగువందల మందితో ఎదురొస్తున్నాడు. యాకోబు ముందుగా కానుక పంపాడు: 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొఱ్ఱెలు, 20 పొట్టేళ్లు, పిల్లలతో 30 పాడి ఒంటెలు, 40 ఆవులు, 10 ఆబోతులు, 20 ఆడగాడిదలు, 10 గాడిదపిల్లలు. ఒంటెపిల్లల్ని లెక్కలోకి తీసుకోకపోయినా 550 తలలు. మందకూ మందకూ నడుమ ఎడం ఉంచమని పనివాళ్లకు చెప్పాడు. ఒకదాని వెనక ఒకటి వస్తుంటే అన్న కోపం మెల్లమెల్లగా చల్లారాలని అతని లెక్క. తెలివి ఇంకా చావలేదు. అప్పుడే చేసిన ప్రార్థన కూడా నిజాయితీగా ఉంది: చేతికఱ్ఱ ఒక్కటే పట్టుకుని యొర్దాను దాటాను, ఇప్పుడు రెండు గుంపులయ్యాను.

అందరినీ రేవు దాటించి ఒక్కడే మిగిలాడు. ఆ ఏటి పేరు యబ్బోకు, నేటి జోర్డాను దేశంలోని జర్కా నది. అక్కడ ఎవరో ఒక మనిషి తెల్లవారేదాకా అతనితో పెనుగులాడి, అతని తొడగూటి మీద కొట్టాడు. ఆ పెనుగులాటకు హెబ్రీ వాడిన క్రియ యేఆబేక్. యాకోబ్, యబ్బోక్, యేఆబేక్ అని పైకి చదివితే మనిషీ ఏరూ పోరాటమూ ఒకే ధ్వనిలో కలిసిపోతాయి. చీకట్లో ఎవరు ఎవరో తెలియని ఆ రాత్రిని రచయిత శబ్దంతోనే పట్టుకున్నాడు.

తెల్లవారబోతుండగా, దీవిస్తేనే వదులుతానన్న యాకోబుకు ఆ మనిషి నుంచి ప్రశ్న వచ్చింది: "నీ పేరేమి?"

ఈ ప్రశ్న దగ్గర ఆగి, 27:18 తెరిచి చూడండి. చూపు మందగించిన ఇస్సాకు అడిగాడు, "నా కుమారుడా, నీ వెవరవు?" జవాబు, "నేను ఏశావు అను నీ జ్యేష్ఠ కుమారుడను." ఆ రోజు దీవెన కావాలంటే వేరే పేరు చెప్పాల్సి వచ్చింది. ఆ తరువాత మేనమామ లాబాను దగ్గర ఇరవై ఏళ్లు గడిచాయి: ఇద్దరు భార్యల కోసం పద్నాలుగు, మందల కోసం ఆరు. పదిసార్లు మారిన జీతం, పెళ్లిరాత్రి మారిపోయిన వధువు, మోసం రుచి అన్నీ చూశాక, మళ్లీ దీవెన అడుగుతున్న చోట అదే ప్రశ్న వచ్చింది. ఈసారి ఒక్క మాట: "యాకోబు." సాకు లేదు, వివరణ లేదు. హోషేయ 12:4 అతని కన్నీళ్లను కూడా చూపిస్తుంది. ఏడ్చి బతిమాలాడు అంటుంది.

అప్పుడు వచ్చింది ఇశ్రాయేలు. "నీవు దేవునితోను మనుష్యులతోను పోరాడి గెలిచితివి" అని ఆదికాండమే అర్థం చెప్పింది. కానీ ఈ తరహా హెబ్రీ పేర్లలో సాధారణంగా ఏల్, అంటే దేవుడే కర్త. ఇష్మాయేలు అంటే దేవుడు వింటాడు. ఆ పద్ధతిలో ఇశ్రాయేలు అంటే "దేవుడు పోరాడును". రెంటిలో ఒకటే ఎంచుకోవాలని లేదు. గెలిచాడనిపించుకున్న మనిషి కుంటుతూ నడుస్తున్నాడు.

ఆ కుంటు భోజనం దాకా వచ్చింది. 32:32 ప్రకారం ఇశ్రాయేలీయులు తొడగూటి మీది తుంటినరం తినరు. యూదుల నియమాల సంకలనం మిష్నాలో, హుల్లీన్ అనే భాగం ఏడో అధ్యాయం ఈ సంగతికే: కుడి తొడకూ ఎడమ తొడకూ నియమం ఒకటే, పక్షికి మాత్రం వర్తించదు, దానికి ఆ గిన్నెలాంటి గుండ్రటి తొడభాగం లేదు. కోషెర్ (యూదుల ఆహార నియమాలకు సరిపడే) మాంసం కోసేవారు ఆ నరాన్ని దాని కొమ్మలతో సహా, చుట్టూ ఉన్న నిషిద్ధ కొవ్వుతో సహా కత్తిమొనతో వెదికి తీయాలి. ఆ పనిని నిక్కూర్ అంటారు. లోపలి నరం కండల్లోకి లోతుగా దిగి ఉంటుంది. తొందరపడితే తెగి సగం లోపలే ఉండిపోతుంది. అంత నేర్పున్న చెయ్యి దొరక్క చాలా దేశాల్లో వెనక భాగాన్ని కోషెర్‌గా అమ్మడమే మానేశారు. ఒక రాత్రి ఒక మనిషి తుంటికి తగిలిన దెబ్బను ఒక జాతి ఇన్ని శతాబ్దాలు పళ్లెంలో గుర్తుంచుకుంది.

బైబిలు బయట ఇశ్రాయేలు అనే పేరు ఉన్న వాటిలో పాతది మెర్నెప్తా శిలాశాసనం, సుమారు క్రీ.పూ. 1208 నాటిది. 1896లో థీబ్స్‌లో బయటపడింది. ఇశ్రాయేలు నాశనమైపోయిందని అందులో ఫరో చెప్పుకున్నాడు.

కొత్త నిబంధనలో మన తెలుగువాళ్లకు ఒక మేలు ఉంది. ఇంగ్లీషులో పితరుడు జేకబ్, యాకోబు పత్రిక అనే ఉత్తరం రాసినాయన జేమ్స్. ఇద్దరిదీ ఒకే పేరని అక్కడ తెలియదు. మనకు ఇద్దరూ యాకోబులే. కాబట్టి యాకోబు పత్రిక మొదటి వచనంలో "పండ్రెండు గోత్రముల" వారికి శుభమని చదివినప్పుడు, యాకోబు అనే మనిషి పన్నెండు గోత్రాలతో మాట్లాడటం మన చెవికి వెంటనే తడుతుంది. ఇదే పేరు అరబ్బీ గుండా యాకూబ్‌గా వచ్చింది. వరంగల్ వైపు అన్నారం యాకూబ్ షావలీ దర్గా వల్ల యాకయ్య, యాకమ్మ అనే పేర్లు హిందువుల ఇళ్లలోనూ వినబడతాయి.

ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. యబ్బోకుతో యాకోబు పోయాడు, ఇశ్రాయేలు మిగిలాడు అని చెబుతారు. అబ్రాముకు అలాగే జరిగింది. 17:5 తరువాత ఆదికాండము అతన్ని మళ్లీ అబ్రాము అనలేదు. యాకోబు విషయంలో అలా కాదు. 35:10లో బేతేలు దగ్గర దేవుడు కొత్త పేరు మళ్లీ చెప్పాడు, అయినా కథ రెండు పేర్లతోనూ సాగింది. "యాకోబుయొక్క దేవుడు మనకు ఆశ్రయమై యున్నాడు" అని 46వ కీర్తన రెండుసార్లు పాడింది. యెషయా 41:14లో "పురుగువంటి యాకోబూ" అని పిలిచి, భయపడకుమన్నాడు. దేవుడు ఆ పాత పేరును తన పేరు పక్కన పెట్టుకోవడానికి సిగ్గుపడలేదు.

కొడుకు యోసేపు బతికే ఉన్నాడని తెలిసి, నూట ముప్పై ఏళ్ల ముసలివాడు ఐగుప్తుకు బయలుదేరాడు. బెయేర్షెబాలో బలులర్పించి ఆగాడు. 46:2 ఇలా ఉంది: దేవుడు రాత్రి దర్శనంలో ఇశ్రాయేలును పిలిచాడు, "యాకోబూ, యాకోబూ" అని. అతడు "చిత్తము ప్రభువా" అన్నాడు.